తొక్కు, పట్టు, వదులు

ఇంజను ఆపి ఉంది. మేస్త్రమ్మ కారు తలుపు బార్లా తెరిచి, డ్రైవరు సీటు అంచున ఒక పక్కకి కూర్చుని, చెప్పు విప్పేసి బ్రేకు పెడల్ మీద కాలు పెట్టింది. పెడల్‌ని ఆమె ఎప్పుడూ ఉత్తకాలితోనే చూస్తుంది. కళ్లు మూసుకుని మెల్లగా నొక్కింది.

పెడల్ దిగింది. దిగాల్సినదానికంటే చాలా కిందికి దిగింది. తడిసిన దూది దిండు మీద అడుగేసినట్టు మెత్తగా, ఎక్కడా ఎదురు చెప్పకుండా దిగిపోయింది. ఆమె కాలు తీసి గబగబా నాలుగైదు సార్లు తొక్కింది. అప్పుడది కాస్త పైకి లేచి, కాస్త గట్టిపడింది. అలాగే అదిమి పట్టి ఉంచి, కాలి కింద నుంచి జారిపోతుందేమోనని చూసింది. జారలేదు.

"గాలి," అంది కళ్లు తెరిచి.

కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ టాక్సీ ఆయన కంగారుగా టైర్ల వైపు చూశాడు. "నిన్ననే కొట్టించానక్కా. ఏ చక్రంలో తగ్గింది?"

"చక్రంలో గాలి ఉండాలి తమ్ముడూ. బ్రేకులో ఉండకూడదు. నీకు ఉండకూడని చోట ఉంది." ఆమె చెప్పు వేసుకుని లేచింది. "ఆయిల్‌ని ఎంత నొక్కినా నలగదు. నువ్వు తొక్కిన తొక్కుడంతా చక్రం దాకా మోసుకుపోతుంది. గాలి అలా కాదు, నొక్కితే నలిగి ఊరుకుంటుంది. నీ బలమంతా దాన్ని నలపడానికే సరిపోతోంది. ఇక బండి ఆగేదెక్కడ?"

"ఆగలేదక్కా," అన్నాడాయన. నిన్న సాయంత్రం సంగతి మళ్లీ గుర్తొచ్చి గొంతు తగ్గింది. మార్కెట్టు దగ్గర దిగుడులో ముందున్న తోపుడుబండిని చూసి బ్రేకు తొక్కాడట. పెడల్ నేల దాకా పోయింది, బండి మాత్రం పోతూనే ఉంది. ప్రాణం గొంతులోకొచ్చి, పిచ్చివాడిలా మళ్లీ మళ్లీ తొక్కితే, తోపుడుబండికి జానెడు దూరంలో ఆగింది. "రేపు పొద్దున్నే కొండ మీది ఆసుపత్రికి పోవాలి. మా అమ్మాయి ప్రసవించింది. తల్లినీ బిడ్డనీ కిందికి దింపుకు రావాలి. వేరే బండి మాట్లాడదామంటే మనసొప్పలేదు. తాతనయ్యాక మొదటి సవారీ నా బండిలోనే కావాలని..."

"నీ బండిలోనే తెచ్చుకుందువుగాని," అంది మేస్త్రమ్మ. "ఈ మధ్య బ్రేకుల మీద ఎవరైనా చెయ్యి పెట్టారా?"

ఆయన తల గోక్కున్నాడు. "పోయిన వారం ముందు చక్రాలు పట్టేస్తున్నాయని విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించారు. ఇక్కడ కాదులే. బయట చేయించాను."

ఎక్కడని ఆమె అడగలేదు. పని పాడైనప్పుడు చేసినవాళ్ల పేర్లు అడగడం ఆ షెడ్డులో అలవాటు లేదు.

టైర్ల కొట్టుకీ అద్దాల కొట్టుకీ మధ్య, ఒక్క కారు పట్టేంత వెడల్పున్న రేకుల షెడ్డు అది. లోపల గోడకి కొట్టిన చెక్క పలక మీద పానాలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా వేలాడుతుంటాయి. నేల మీద నూనె మరకలున్నా, ఒక్క నట్టు కూడా దొర్లుతూ కనబడదు. బయట బోర్డు మీద 'బ్రేకులు' అని ఒకే ఒక్క మాట. రంగు వెలిసినప్పుడల్లా మేస్త్రమ్మే నిచ్చెనెక్కి ఆ మూడక్షరాలూ దిద్దుకుంటుంది. ఐదడుగులు లేని మనిషి, నెరిసిన జుట్టుని గట్టిగా ముడేసి, మోకాళ్ల దాకా వచ్చే మగవాళ్ల ఖాకీ చొక్కా తొడుక్కుని నిచ్చెన మీద నిలబడితే, వీధిలో వాళ్లు నవ్వుకుంటూనే ఎవరో ఒకరు వచ్చి నిచ్చెన పట్టుకుంటారు.

ఆ చొక్కా ఆమె అన్నయ్యది. షెడ్డూ అన్నదే. ఆమె పెళ్లయి వెళ్లి, రెండేళ్లు తిరక్కముందే ఒక పెట్టెతో తిరిగి వచ్చింది. ఎందుకొచ్చావని అన్న అడగలేదు. ఇంకెవరైనా అడగబోతే కళ్లతోనే ఆపాడు. మర్నాడు పొద్దున పనికి బయల్దేరుతూ, "కాస్త పెడల్ తొక్కే మనిషి కావాలి, వస్తావా?" అన్నాడు, ఉప్పు తెచ్చిపెడతావా అన్నంత మామూలుగా. బ్రేకుల్లో గాలి తీయడం ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు సీట్లో కూర్చుని తొక్కాలి, ఒకరు కింద పడుకుని, చక్రం దగ్గర గాలి బయటికి వదిలే నిపుల్ విప్పాలి. ఆమె వెళ్లి కూర్చుంది. ఏడాది తిరిగేసరికి కారు కిందికి దూరింది. ఇంకొన్నేళ్లకి అన్న నడుము మొరాయిస్తే, ఆయన సీట్లో కూర్చుని తొక్కేవాడు, ఆమె కింద ఉండేది. డ్రైవర్లు మొదట్లో ఆమెని చూసి నసిగేవాళ్లు. తర్వాత్తర్వాత అన్న ఒక్కడే ఉంటే "మేస్త్రమ్మ లేదా?" అని వాళ్లే అడిగేవాళ్లు. అన్న ఆ మాట ఇంటికొచ్చి భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పేవాడు. ఆమె తల వంచుకుని తినేది గానీ, ఆ పూట ఒక ముద్ద ఎక్కువే దిగేది.

"వదినా!" అని ఇప్పుడు వెనక గది వైపు కేకేసింది. "పెడల్!"

వెనక గదిలోంచి వదిన ఒక చేత్తో ఉన్ని ఉండ, ఒక చేత్తో అల్లిక సూదులు పట్టుకుని వచ్చింది. పొడగరి. మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి పక్కకి ఊగుతూ నడుస్తుంది. అన్న పోయిన తర్వాత, ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నాయంటూ ఒకరోజు తనే వచ్చి సీట్లో కూర్చుంది. అప్పటిదాకా ఆమె కారు ముందు సీట్లో కూర్చుని ఎరగదు. ఇప్పుడు కాలు పెడితే చాలు, లోపలి సంగతి చెబుతుంది. తొక్కుడుకీ తొక్కుడుకీ మధ్య స్టీరింగు మీద చేతులానించి అల్లుకుంటూ ఉంటుంది. ఆ వీధిలో పుట్టిన పిల్లలందరి టోపీలూ ఆమె అల్లినవే. అన్నిటికీ కాస్త బ్రేకు ఆయిల్ వాసన వస్తుందని మేస్త్రమ్మ వెక్కిరిస్తుంది.

"ఏం అమ్మాయ్, ఏమంటోంది బండి?" అంది వదిన సీట్లో సర్దుకుంటూ. కొత్త కోడలిగా వచ్చిన రోజు ఆడపడుచుని అమ్మాయ్ అని పిలిచింది. ఆ అమ్మాయికి జుట్టంతా నెరిసినా పిలుపు మారలేదు.

"తొక్కి నువ్వే చెప్పు."

వదిన తొక్కింది. మొహం చిట్లించింది. "చలికి ముడుచుకున్న పిల్లి మీద కాలేసినట్టుంది."

టాక్సీ ఆయన అంత దిగుల్లోనూ నవ్వాడు.

మేస్త్రమ్మ నాలుగు చక్రాలూ విప్పి, కారుని గట్టి స్టాండ్ల మీద నిలబెట్టింది. గొట్టాలన్నీ వేళ్లతో తడిమింది. ఎక్కడా తడి లేదు. డబ్బాలో ఆయిల్ నిండుగా, తేరినట్టుగా ఉంది. కారడం లేదు, పెడల్ కాలి కింద జారలేదు కాబట్టి మాస్టర్ సిలిండర్ బాగానే ఉంది, అయితే లోపల ఎక్కడో గాలి చిక్కుకుని ఉండాలి. అన్నిటికంటే దూరంగా ఉన్న వెనక చక్రం దగ్గర మొదలెట్టింది. నిపుల్‌కి సన్నని గొట్టం తగిలించి, రెండో కొసని ఆయిల్ పోసిన గాజు సీసాలో ముంచి, పానా ఎక్కించి, వెల్లకిలా పడుకుని పిలిచింది.

"తొక్కు."

వదిన మూడుసార్లు తొక్కింది.

"పట్టు."

వదిన కాలు అదిమి పట్టింది. కింద మేస్త్రమ్మ నిపుల్ అర చుట్టు వదులు చేసింది. గొట్టంలోంచి ఆయిల్ సర్రున దిగింది. ఒకటి రెండు చిన్న బుడగలు సీసాలో పైకి తేలాయి. నిపుల్ బిగించింది.

"వదులు."

ఎన్నేళ్ల నుంచో ఆ షెడ్డులో వినబడే మాటలవి. పక్క కొట్టు వాళ్లకి అవి గడియారం చప్పుడులా అలవాటైపోయాయి. వెనక రెండు చక్రాలూ అయ్యాయి. ముందు రెండు చక్రాలూ అయ్యాయి. ముందు చక్రాల దగ్గర ఒక్క బుడగ కూడా రాలేదు, తేట ఆయిలే వచ్చింది. ఆమె లేచి బట్టకి చేతులు తుడుచుకుంది.

"ఎలా ఉంది వదినా?"

వదిన తొక్కి చూసింది. మళ్లీ తొక్కింది. "పిల్లి ఇంకా అక్కడే ఉంది అమ్మాయ్."

మేస్త్రమ్మ వదిన కాలిని ఎప్పుడూ శంకించదు. మళ్లీ మొదటి నుంచీ నాలుగు చక్రాలూ తిరిగింది. ఈసారి ఎక్కడా బుడగే రాలేదు. పెడల్ మాత్రం అంతే మెత్తగా ఉంది. రెండోసారి కింద నుంచి లేచినప్పుడు ఆమెకి ఊపిరి అందడానికి కాస్త సమయం పట్టింది. ఈ మధ్య అలాగే అవుతోంది. ఎవరికీ చెప్పలేదు. కారుకి చేరగిలబడి నేల మీదే కూర్చుని, మంచినీళ్లు తాగి, సీసా వైపు చూస్తూ ఉండిపోయింది.

గాలి లోపల ఉంది, అందులో అనుమానం లేదు. బయటికి రావడం లేదు. ఎందుకు రావడం లేదు? అన్న చెప్పేవాడు: "గాలికి తొందరుండదే. ఎక్కడ ఎత్తు దొరికితే అక్కడెక్కి కూర్చుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే నువ్వు దానికంటే పైన ఉండాలి." అందుకే నిపుల్ ఎప్పుడూ, చక్రాన్ని పట్టి ఆపే కాలిపర్‌కి నెత్తి మీదే ఉంటుంది... ఇందాక రెండుసార్లూ వెల్లకిలా పడుకుని చేతి తడుముతోనే దాన్ని అందుకుంది గానీ, ఎక్కడుందో చూడలేదు.

ఆమె చప్పున మోకాళ్ల మీద లేచి, టార్చి వేసి, ముందు కుడి చక్రం దగ్గర కాలిపర్‌ని చూసింది.

మొదట కనబడింది నిపుల్ కాదు. కాలిపర్ బోల్టు మీద ఎర్రటి చుక్క.

పెళ్లయిన కొత్తలో వదిన ముచ్చటపడి ఒక ఎర్ర గోళ్లరంగు సీసా కొనుక్కుంది. రెండు రోజులు తిరక్కముందే అన్న దాన్ని షెడ్డుకి ఎత్తుకుపోయాడు. బిగించడం పూర్తయిన ప్రతి బోల్టు మీదా ఒక చుక్క పెట్టేవాడు. చుక్క లేదంటే ఇంకా బిగించలేదని గుర్తు. "నా గోళ్లకి లేని యోగం బోల్టులకి పట్టింది," అని వదిన ఇప్పటికీ దెప్పుతుంది. ఈ ఊళ్లో బోల్టుకి గోళ్లరంగు పెట్టేవాళ్లు ముగ్గురే. అన్న లేడు. తను పెట్టలేదు. ఇక మిగిలింది మేనల్లుడు, అన్న కొడుకు.

వాడు ఈ షెడ్డులోనే పని నేర్చాడు. చెయ్యి చురుకు. తొందరా ఎక్కువే. బోర్డు పెద్దది చేద్దాం, ఇంజన్లూ ఏసీలూ అన్నీ చేద్దాం అన్నాడు. "నాకు తెలిసింది బ్రేకులు. తెలియనిది బోర్డు మీద రాయను," అంది ఆమె. మాటా మాటా పెరిగింది. "నువ్వు నాన్న షెడ్డుకి కాపలా కాస్తున్నావత్తా, దుకాణం నడపడం లేదు," అనేసి వెళ్లి, ఊరి అవతల పెద్ద రోడ్డు మీద సొంతంగా పెట్టుకున్నాడు. తల్లిని చూడ్డానికి ఇంటికి వస్తాడు. షెడ్డు గుమ్మం మాత్రం తొక్కలేదు. అంత కోపంగా పోయినవాడు ఆ చుక్క మాత్రం వెంట తీసుకుపోయాడన్నమాట. దాన్ని చూస్తూ ఆమె ఒక్క క్షణం తను దేనికి వంగిందో మరిచిపోయింది.

తర్వాత నిపుల్ చూసింది. అది కాలిపర్‌కి కింద ఉంది. ఎడమ పక్కకి వెళ్లి చూస్తే అక్కడా కిందే. విప్పిన రెండు కాలిపర్లూ కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ మార్చి బిగించాడు. అవి చక్కగా కూర్చుంటాయి, చూడ్డానికి ఏ తేడా ఉండదు. నిపుల్ మాత్రం తల్లకిందులవుతుంది. గాలి నెత్తి మీద ఎక్కి కూర్చుంటుంది. కింద నుంచి ఎంతసేపు తీసినా మంచి ఆయిలే వస్తుంది.

ఆమె లేచి టాక్సీ ఆయన్ని పిలిచింది. "తమ్ముడూ, ఇందులోకి రాగి వాషర్లు కావాలి. పాతవి తీస్తే కొత్తవే వెయ్యాలి. సామాన్ల కొట్టు దాకా పోయి పట్రా. దారిలో భోంచేసి రా, తొందరేం లేదు."

"దొరికిందా అక్కా?"

"దొరికింది."

ఆయన వెళ్లిపోయాక ఆమె వీధిలోకి వచ్చి, వదినకి వినబడనంత దూరం నడిచి ఫోను చేసింది. అవతల చాలాసేపు మోగింది.

"అత్తా?" అన్నాడు మేనల్లుడు, నమ్మలేనట్టు. "అమ్మకేమన్నా...?"

"మీ అమ్మకేం, బ్రహ్మాండంగా ఉంది. నీకు తీరికుంటే ఒకసారి షెడ్డుకి రారా. ఓ బండి నాకు లొంగడం లేదు."

అటువైపు చిన్న నవ్వు. "నీకు లొంగని బ్రేకు కూడా ఉందా?"

"ఉంది కాబట్టేగా పిలిచాను."

వాడు మోటారు సైకిలు మీద వచ్చేసరికి వదినా ఆడపడుచులిద్దరూ భోజనం డబ్బాలు కడుగుతున్నారు. అచ్చం తండ్రి ఎత్తు. లోపలికి వస్తూ అలవాటుగా తల వంచాడు. వదిన కొడుకుని చూసి, చేతిలో డబ్బా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. వాడు గుమ్మం దగ్గరే కారుని గుర్తుపట్టాడు. మొహంలో నవ్వు కాస్త వెనక్కి తగ్గింది.

మేస్త్రమ్మ టార్చి చేతికిచ్చి, ముందు చక్రం వైపు చూపించింది. వాడు వంగి కూర్చున్నాడు. టార్చి వెలుగు బోల్టు మీది చుక్క మీద నిలిచింది, మెల్లగా కిందికి జారింది, నిపుల్ దగ్గర ఆగిపోయింది.

"అత్తా," అన్నాడు, తల తిప్పకుండానే. "ఇది నేను..."

"తెలుసు."

"చుక్క చూసి గుర్తుపట్టావా?"

"ముందు చుక్క చూసి సంతోషపడ్డాను. నిపుల్ తర్వాత చూశాను."

వాడు నేల మీద కూలబడ్డాడు. "ఆరోజు రెండు బండ్లు ఒకేసారి పెట్టుకున్నాను. ఈ బండి కాలిపర్లు రెండూ విప్పి ఒకే పళ్లెంలో పడేశాను. పెడల్ కాస్త మెత్తగానే ఉందనిపించింది, రెండు రోజులు తిరిగితే సర్దుకుంటుందిలే అనుకున్నాను." "ఆయనకి ఏమన్నా అయ్యుంటే?"

"అవలేదు కదా." ఆమె వాడి పక్కన కూర్చుంది. "ఆయన్ని వాషర్ల కోసం పంపాను. గాలి పట్టిందని మాత్రమే చెప్పాను, అది అబద్ధం కాదు. వచ్చేలోగా రెండూ మార్చేసి పెడదాం. ఎవరి నోటా ఏ మాటా రాదు. కొత్తగా నిలబడ్డ దుకాణం నీది."

వాడు లేచి, పలక మీది పానాలు చూడకుండానే సరైనది అందుకున్నాడు. అది ఇంకా అక్కడే ఉంటుందని చేతికి తెలుసు.

కుడి కాలిపర్ విప్పి ఎడమకి తెచ్చాడు, ఎడమది కుడికి. ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్కటి విప్పి, తుడిచి, దేని పక్కన దాన్ని పెట్టుకున్నాడు. మేస్త్రమ్మ స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉంది. మణికట్టు తిప్పే తీరు వాళ్ల నాన్నది. బోల్టు మొదటి చుట్లు వేళ్లతోనే తిప్పడం తను నేర్పింది. మధ్యమధ్య చెప్పాలనిపించి కూడా నోరు మూసుకుంది. చెప్పాల్సినవన్నీ ఆమె అనుకునేలోపే వాడి చేతులు చేసేస్తున్నాయి.

వాషర్ల పొట్లంతో టాక్సీ ఆయన తిరిగి వచ్చి, కారు దగ్గర మేనల్లుణ్ణి చూసి తడబడ్డాడు. పొట్లం మేస్త్రమ్మ వైపు చాపాడు. మేనల్లుడు మధ్యలోనే అందుకున్నాడు.

"బాబాయ్, తప్పు నాది," అన్నాడు. "పోయిన వారం మీ కాలిపర్లు అటుదిటూ ఇటుదటూ బిగించాను. అందుకే బ్రేకు పడలేదు. అత్త పట్టుకుంది. నేను చూసుకోకుండా ఇచ్చేశాను. నిన్న మీకేమైనా అయ్యుంటే దానికి కారణం నేనే."

సీట్లో వదిన సూదులు ఆగిపోయాయి. మేస్త్రమ్మ మాత్రం గిరుక్కున అటు తిరిగి, కళ్లముందే ఉన్న పానా కోసం పలక మీద వెతకడం మొదలుపెట్టింది. చూపు మసకబారింది. చొక్కా చేతితో ఒకసారి తుడుచుకుంది. పని నేర్పగలిగాం, అది గొప్పేం కాదు, ఎవరైనా నేర్పగలరు. ఇప్పుడు వాడన్న మాట ఎవరు నేర్పారు? తను కాదు. దాచేద్దామన్నది తనే కదా.

టాక్సీ ఆయన వాడి మొహంలోకి చూశాడు. కోపం వచ్చినట్టే వచ్చి, ఎక్కడో ఆగింది. "నీ దుకాణంలో చేయించానని మీ అత్తకి చెప్పడానికి నాకు నోరు రాలేదురా అబ్బాయ్," అన్నాడు చివరికి. "నువ్వే చెప్పేశావు. ఊఁ. ఇక గట్టిగా బిగించు. రేపు కూర్చునేది నా మనవరాలు."

"మనవరాలా!" అంది వదిన సీట్లోంచి. "అయితే టోపీకి రంగు మార్చాలి. ఇందాకే చెప్పొద్దూ!"

అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వుతో షెడ్డులో గాలి కూడా తేలికపడింది.

వాషర్లు వేసి, ఆయిల్ నింపి, మేనల్లుడు సీసా పట్టుకుని కారు కిందికి దూరాడు. మేస్త్రమ్మ స్టూలు మీంచి లేవలేదు.

"తొక్కమ్మా," అన్నాడు కింద నుంచి.

భర్త పోయాక ఆ సీట్లో కూర్చుని వదిన ఎన్నో బండ్లకి తొక్కింది. కొడుకు వెళ్లిపోయాక వాడి పిలుపుకి తొక్కడం మాత్రం అదే మొదలు. తొక్కింది, కాస్త ఎక్కువ బలంగానే.

"పట్టు."

ఈసారి గొట్టంలో ఆయిల్ కంటే ముందు గాలే వచ్చింది. సీసాలో గుడగుడమని బుడగలు పొంగాయి. టాక్సీ ఆయన వంగి చూసి, "అమ్మో, ఇంతా!" అన్నాడు. ఒకటి, ఇంకొకటి, తర్వాత ముత్యాల్లా సన్నవి, తర్వాత ఏమీ లేవు. రెండో వైపు కూడా అంతే. నాలుగు చక్రాలూ పూర్తయ్యాక వదిన కాలు పెట్టి నొక్కింది. పెడల్ కాస్త దిగి అక్కడే ఆగిపోయింది. ఇంకా నొక్కింది. కదల్లేదు.

"పిల్లి పోయింది," అంది వదిన. "అరుగు రాయి వచ్చింది."

కొడుకు కింద నుంచి బయటికి వచ్చి తల్లి వైపు చూసి నవ్వాడు. ఆమె కాలు తియ్యకుండానే చెయ్యి చాపి, వాడి నుదుటి మీది మసి తుడిచింది.

చక్రాలు బిగించి బండిని కిందికి దింపాక, పరీక్ష మాత్రం మేస్త్రమ్మదే. దానికి ఎవరూ అడ్డు చెప్పరు. మేనల్లుడు పక్కన కూర్చున్నాడు. వీధి చివర దాకా మెల్లగా పోనిచ్చి, ఎవరూ లేని చోట చూసి బ్రేకు తొక్కింది. కారు తాడు కట్టి లాగినట్టు నిలబడింది. తర్వాత నీళ్ల ట్యాంకు దగ్గరి ఏటవాలు దారి ఎక్కి, తిరిగి దిగేటప్పుడు సగం దారిలో స్టీరింగు మీంచి చేతులు కాస్త ఎత్తి తొక్కింది. ఎటూ లాగలేదు. తిన్నగా ఆగింది.

అక్కడే కాసేపు ఆపి ఉంచింది. కింద ఊరు కనబడుతోంది. రేకుల కప్పుల మధ్య తమ షెడ్డు ఏదో చెప్పలేం గానీ, ఆ ప్రాంతం తెలుస్తుంది. ఈ రోడ్ల మీద పోతున్న బండ్లలో ఎన్నింటి బ్రేకులు తన చేతుల మీదుగా పోయాయో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఇవాళ ఆలోచించింది. అటు ఒక బస్సు ఆగింది. ఇటు ఒక కారు, దాటుతున్న మనుషుల కోసం ఆగి, మళ్లీ కదిలింది. ఆగడం ఎవరికీ కనబడని పని. ఆగకపోతేనే కనబడుతుంది. మనసు నిండుగా అనిపించింది.

"షెడ్డుకి కాపలా కాస్తున్నావని అన్నాను," అన్నాడు మేనల్లుడు, అద్దంలోంచి బయటికి చూస్తూ. "అనకుండా ఉండాల్సింది."

"కాపలానే కాశానురా. అబద్ధమేం చెప్పలేదు నువ్వు." గేరు మార్చింది. "ఇవాళ ఆయన ముందు నువ్వన్న మాట ఉంది చూడు. మీ నాన్నయితే అనగలిగేవాడు. నేను అనగలనో లేదో నాకే తెలియదు."

వాడు తల తిప్పి చూశాడు. ఆమె రోడ్డు వైపే చూస్తోంది గానీ, మొహమంతా నవ్వుగా ఉంది.

"బోర్డు మీద నీకు కావాల్సినవన్నీ రాసుకో," అంది. "బ్రేకులొస్తే మాత్రం ఇటు పంపు."

"పంపను," అన్నాడు వాడు. "తీసుకొస్తాను. తొక్కడానికి అమ్మ ఇక్కడే ఉందిగా."

షెడ్డుకి వచ్చాక ఆమె కారుని లోపల పెట్టి, చక్రాల కింద పాత కాగితాలు పరిచింది. రాత్రంతా నిలబెట్టి, పొద్దున ఆ కాగితాల మీద తడి లేదని చూశాకే తాళం ఇవ్వడం ఆమె పద్ధతి. టాక్సీ ఆయన పొద్దున్నే వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. కొడుక్కి ఇష్టమైన కూరేదో వండాలని వదిన హడావిడి పడింది. మేస్త్రమ్మ మోచేతుల దాకా సబ్బు రుద్ది చేతులు కడుక్కుని, ఖాకీ చొక్కా మేకుకి తగిలించింది.

"ఒక్క కునుకు తీస్తాను వదినా. ఇంటికి బయల్దేరేటప్పుడు లేపు," అని వెనక గదిలో మంచం మీద నడుం వాల్చింది.

మేనల్లుడు షెడ్డంతా ఊడ్చాడు. పానాలు తుడిచి వరసగా పలకకి తగిలించాడు. వదిన టీ కలుపుకుని, గ్లాసు పట్టుకుని గది గుమ్మం దగ్గర నిలబడి, "అమ్మాయ్," అని పిలిచింది. కొత్త కోడలిగా వచ్చిన రోజు నుంచీ పిలుస్తున్న పిలుపు అది. దానికి బదులు రాకపోవడం అదే మొదటిసారి.

పొద్దున్నే టాక్సీ ఆయన వచ్చేసరికి షెడ్డు ముందు వీధివాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. సంగతి తెలిసి ఆయన అక్కడే గోడ పట్టుకుని నిలబడిపోయాడు. ఇంకో బండి చూసుకుంటానని గొణిగి వెనక్కి తిరగబోయాడు.

"ఆగండి బాబాయ్," అన్నాడు మేనల్లుడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని కారు కింది కాగితాలు ఒక్కొక్కటే లాగి, వెలుతురులోకి పట్టి, వెనకా ముందూ తిప్పి చూశాడు. నాలుగూ పొడిగా ఉన్నాయి. లేచి తాళం ఆయన చేతిలో పెట్టాడు. "బిడ్డ ఎదురుచూస్తూ ఉంటుంది. వెళ్లి రండి. అత్త చూసి ఇచ్చిన బండే ఇది."

టాక్సీ ఆయన కారు తలుపు తీసి ఎక్కబోయాడు. మోకాలు స్టీరింగుకి తగిలింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి లోపలికి చూశాడు. సీటుని వెనక్కి తొయ్యడానికి చెయ్యి కిందికి పోయింది గానీ, పిడి దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. పొట్టి మనిషి కాలు పెడల్‌కి బాగా అందేలా, డ్రైవరు సీటు ఎంత ముందుకి జరుగుతుందో అంత ముందుకీ జరిపి ఉంది.